మధ్యల ఇచ్చిన నీళ్ళు

పైపుల కంపెనోళ్ళు డీలర్లందర్నీ
ఒక్క బస్సుల ఎక్కిచ్చిన్రు.
టార్గెట్ దాటినోళ్ళకు బంగారు నాణెం,
దాటనోళ్ళకు ద్రాక్షతోట.
నేనూ, దేవరకొండ సైదులూ రెండో రకం.

బాలానగర్ దాటి ఎడమకు మళ్ళంగనే
గుండ్ల మధ్య ఆకుపచ్చ గీతలు.
మొదలు మొదలుకు మా నల్ల పైపే,
బొట్టు బొట్టు లెక్కవెట్టి ఇస్తున్నది.
పరాయి ఊర్ల సొంతూరి బస్సు కనవడ్డట్టు
మురిసిండు సైదులు.

లోపల సల్లటి గది. పొడుగు బల్ల.
మనిషికి మూడు గ్లాసులు, ఒక తెల్ల కాయితం,
ఇద్దరికొక స్టీలు తొట్టి.
ప్రణవట ఆ పిల్ల పేరు.
"ఇది తాగుడు కాదు సార్, రుచి చూసుడు" అన్నది.
"మరి తాగుడెప్పుడమ్మా?" అని ఎనుకకెల్లి ఎవరో.
ఆ పిల్ల నవ్వింది.
రోజూ వినే మాటే కావచ్చు.

గ్లాసును కాడ కాడ పట్టుకోవాలె, పొట్ట కాడ కాదు.
కాయితం మీదికి వంచి రంగు చూడాలె.
తిప్పాలె. ముక్కు పెట్టాలె.
అప్పుడు గుక్కెడు పోసుకొని
నాలుకంతా తిప్పి
మింగకుండ తొట్టిల ఉమ్మాలె.

మొదటిదాంట్ల ఆమెకు జామపండు దొరికింది.
నాకు మందుల దుకాణం దొరికింది.
సైదులుకు ఏం దొరకలే, గ్లాసు ఖాళీ అయింది.
రెండోదాంట్ల తడిసిన రాయి వాసనుంటదన్నది.
రాయికి వాసనేందని అందరు నవ్విన్రు గని
నాకు తెలుసు.
మిరుగంల మొదటి వాన గుట్టమీద పడంగనే
మేకలు సుత మేత ఆపి తల లేపుతయి.
"ఉన్నది" అని చెయ్యెత్తిన.
"సార్ ముక్కు మంచిది" అన్నది ప్రణవి.
నలభై ఆరేండ్లల్ల ఎవరూ అనలే ఆ మాట.

మూడోది ఎర్రది. పోసేముందే చెప్పింది,
"పండ్లకు రంగంటుతది, భయపడకుండ్రి,
కడుక్కుంటే పోతది" అని,
నా దిక్కు చూసి
మాట సగంల ఆపుకున్నది.
మర్రిగూడ దిక్కు పుట్టినోళ్ళం,
బళ్ళె పేరు రాయకముందే పండ్లమీద పసుపు చారలు.
నేనే ఇకిలించి చూపెట్టిన:
"ఇది డెబ్బైతొమ్మిది సరుకమ్మా, కడిగినా పోదు."

అప్పుడు మధ్యల ఇంకో గ్లాసు పెట్టింది.
నీళ్ళు.
"నాలుక కడిగేతందుకు సార్.
దీనికి రుచి ఉండదు, వాసన ఉండదు."

చెయ్యి దానంతటదే కాడ పట్టింది.
కాయితం మీదికి వంచిన. రంగు లేదు.
తిప్పిన. ముక్కు పెట్టిన.

ఊర్ల నాలుగు బోరింగులుండె.
బడి కాడిది ఉప్పు,
చౌరస్తల తుప్పు కంపు,
పోచమ్మ కాడిది సప్పగ,
వడ్లోళ్ళ ఇంటెనుకది తియ్యగ
అని మా అండాలక్క తేల్చింది.
తియ్యటి నీళ్ళకోసం ఊరు దాటి పోయేది,
పొద్దుకు మూడు బిందెలు, మాపుకు మూడు.
ఏడుగురం కడుపునిండ తాగినం,
సుట్టాలొస్తే చెప్పుకొని మరీ తాగిచ్చినం.
పదమూడో ఏట అక్క మోకాళ్ళు
నడిస్తే ఒకదాన్నొకటి ఒరుసుకున్నయి.
ఆనక సీసాలు పట్టుకొని పట్నపోళ్ళొచ్చిన్రు.
నాలుగిట్ల ఎక్కువ విషం
ఆ తియ్యటిదాంట్లనే అన్నరు.
నాలుకకు తెల్వదట.
ముక్కుకు తెల్వదట.
ఎంత తిప్పినా తెల్వదట.

"ఏమొస్తున్నది సార్ దాంట్ల?"
"ఏం వస్తలేదమ్మా."
గుక్కెడు పోసుకొని, తిప్పి,
తొట్టిలకు వంగి ఉమ్మిన.
గది గొల్లుమన్నది.
"వైనంతా మింగిండు, నీళ్ళు ఉమ్ముతుండు సూడుండ్రి!"
సైదులు నా ఈపు చరిచిండు.
ఎర్రదాంట్ల మిరియాలున్నయన్నరు.
ఉన్నయి. మింగిన.

బస్సెక్కే ముందు ఒక ఫారమిచ్చిన్రు,
మీకు నచ్చినదానికి టిక్కు పెట్టండి అని.
సైదులు మూడింటికీ పెట్టిండు.
కింద 'ఇతరములు' అని ఖాళీ గీత.
దానిమీద రాసిన:
ఉమ్మనీకె తొట్టి.
ఊరి పేరు అడిగిన కాడ
మండలం సుత రాసిన.