సున్నా చీటీ

రాత్రి రెండున్నర. నానక్‌రామ్‌గూడ, ఆరో అంతస్తు.
ఏసీ చలికి చున్నీ తలకు చుట్టుకుని
పదిహేడో రోజు అదే తప్పును వెతుకుతున్నాను.

చిన్న తప్పే.
కోటి మార్పిడుల్లో ఒక్కసారి
నిద్రలేచిన త్రెడ్ ఒకటి
"నేను" అని తడుముకుంటుంది.
చేతికి ఇంకొకరి పేరు తగులుతుంది.

ప్రాసెసర్‌లో ఎఫ్ఎస్, జీఎస్ అని రెండు పాత రిజిస్టర్లు.
తోటివాళ్ళంతా దాదాపు రిటైరయ్యారు.
ఈ రెండూ ఇంకా డ్యూటీ దిగలేదు,
ఎవరి నేను ఎక్కడ మొదలవుతుందో
ఆ చిరునామా మోస్తూ.
అందరూ అడిగేది ఒకే గడి, సున్నా దూరంలో ఉన్నది.
పునాది జరిగితే
అదే సున్నా ఇంకొకరిల్లు.

ఇందులో నాకు వింతేం లేదు.
గేటు దగ్గర బిక్షపతితో "ఏమాయెనే, చాయ్ తాగినవా" అనే నేను,
పక్క సీటు తహ్‌మీనాతో "హౌ, ఫిర్ మర్‌గయా" అని నవ్వే నేను,
పదింటి మీటింగులో తలూపే నేను.
ఒకటి దింపి ఒకటి ఎక్కించేది ఎవరో
దింపినదాన్ని ఎక్కడ దాస్తారో
అడిగితే చెప్పలేను.

మా కెర్నల్‌కి తానే ఓనర్నని నమ్మకం.
కాదు.
అసలు ఓనర్ కింది వాటాలో ఉన్నాడు, హైపర్‌వైజర్.
గోడకి మేకు కొట్టాలన్నా ఆయన్ని అడగాలి.
ప్రతిసారీ మెట్లు దిగలేక
నాలుగు మనవులు మూటగట్టి ఒక్కసారే విప్పుతాం.
తప్పు ఆ మూటలోనే ఉందని తెలుసు.
ఏ ముడిలోనో తెలియదు.

మధురానగర్ హాస్టల్లో నా మంచానికి ఇద్దరం.
రాత్రి కెజియా, పగలు నేను.
ఆమెకు డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పగటి డ్యూటీ,
వేళ్ళకెప్పుడూ స్పిరిట్ వాసన.
పొద్దున్న పావుగంట మాత్రం ఇద్దరం మెలకువగా ఎదురుపడతాం,
ఒకరు దుప్పటి మడుస్తూ, ఒకరు విప్పుతూ.

పోయిన సోమవారం వార్డెన్ రుక్కమ్మ
అరల నంబర్లన్నీ మార్చేసింది.
కెజియా చేతిలో ఇంకా పాత చీటీ, పన్నెండు.
పన్నెండు తెరిచింది.
అది అప్పటికే నాదైపోయింది.

నాకు ఏమీ చెప్పలేదు మూడు రోజులు.
నాలుగో రోజు జడ వేసుకుంటూ అంది:
"నీ రాజీనామా కాగితంలో తేదీ వెయ్యలేదు."
తర్వాత, నా మొహం చూసి,
"నా తప్పు కాదక్కా.
ముందు చీటీలు వాపసు తీసుకోవాల.
ఆమెనక గదా నంబర్లు మార్చేది."

ఆ మాట ఇవాళ, ఇప్పుడు, ఈ తెర మీద వెలిగింది.

వెళ్ళేవాడి చేతిలో చీటీ ఉండగానే
మేం పట్టిక మారుస్తున్నాం.
కింది వాటా ఓనర్ మూట విప్పి, పని ముగించి,
పాత చీటీని కొత్త పట్టికలో చూసి తలుపు తీస్తున్నాడు.

మొదట పునాదిని రాసిపెట్టుకో
(ఒక కంపెనీ చిప్‌లో సున్నా వేస్తే అది చెరిగిపోతుంది,
ఇంకోదాంట్లో చెరగదు, నమ్మకు).
అప్పుడు చేతిలో సున్నా చీటీ పెట్టు.
ఏ అరకూ చెందని చీటీ.
అప్పుడు మార్చు పట్టిక.
వచ్చేవాడికి వాడి చిరునామా ఆఖర్న ఇవ్వు.

నాలుగు లైన్లు. పదిహేడు రోజులు.
తహ్‌మీనా లేచి చూసి "బస్, ఇత్తాచ్?" అంది.
ఇత్తాచ్.

ఐదున్నరకి క్యాబ్ దుర్గం చెరువు తీగల వంతెన మీద.
ఆఫీసు వెనక, హాస్టల్ ముందు.
ఫోన్ స్విచాఫ్ అయింది.
ఆ కాసేపు ఎవరు పిలిచినా
పలకాల్సిన నేనేదీ నాలో ఎక్కించిలేదు.
కింద నీళ్ళు మాత్రం ఉన్నాయి, నల్లగా, కాస్త కంపుగా.
బాగుంది.

గదిలో కెజియా బూట్ల లేసు కడుతోంది.
పరుపు ఇంకా వెచ్చగా ఉంది, ఆమె వేడి.
దిండు తిప్పి వేసుకున్నాను.
"తేదీ వేసినవా?" అంది తలుపు దగ్గర ఆగి.

కోటి దాటి ఇంకా నడుస్తోంది పరీక్ష అక్కడ.
"ఇంకా లేదు" అన్నాను.