అంకెలు మాత్రమే

రోహిణి కార్తె. మధ్యాహ్నం మూడు.
సర్కిల్ ఆఫీసులో కూలర్
వేడి గాలినే తిప్పి తిప్పి మొహాన కొడుతోంది.
జనన మరణాల సెక్షన్‌లో రెండో కుర్చీ నాది.
వారం నివేదిక సాయంత్రంలోపు పోవాలి.
వడదెబ్బ అన్న వరసలో
పదిహేడు అని కొట్టాలి, అంతే పని.

ఎందుకో వేళ్లు మాట వినలేదు.
ఆ గడిలో పోచవ్వ అని కొట్టాను.
ఎర్రగా వచ్చింది జవాబు:
అంకెలు మాత్రమే.

పోచవ్వ, అరవై రెండు, పార్సీగుట్ట.
మోండా మార్కెట్ వెనక పుదీన కట్టలు అమ్మేది.
కట్టలు వాడిపోతాయని
కొంగు తడిపి వాటికి కప్పి
తాను ఎండలో కూర్చుంది.
ఇది ఏ ఫారంలోనూ లేదు.
జిరాక్సుకు చిల్లర వెతుక్కుంటూ
కిటికీ చువ్వల్లోంచి కోడలు చెప్పింది.

ముస్తఖీం, ఇరవై తొమ్మిది.
కవాడిగూడ సిగ్నల్ దగ్గర
ఆగి ఉన్న బండి మీదే ముందుకు వాలిపోయాడు.
వెనక పెట్టెలో ఎవరిదో ఐస్‌క్రీం కరుగుతోంది.
జేబులో ఫోను మోగుతూనే ఉందట:
ఎక్కడున్నావ్, ఇంకా ఎంతసేపు?

తొమ్మిదో వరస దగ్గర కళ్లద్దాలు తీసేశాను.
జ్ఞానసుందరమ్మ, డెబ్బై నాలుగు, వారాసిగూడ,
రేకుల గది.
ఆదివారం బడిలో మా టీచరమ్మ.
చింతపిక్కలతో నాకు ఒకట్లు నేర్పిన మనిషి.
ఇరవై పిక్కలిచ్చి ఇరవై తీసుకునేది.
ఒక్కటి తగ్గినా
అందర్నీ లేపి, చాప ఎత్తించి,
బెంచీల కింద చీపురు పెట్టించేది.
దొరికేదాకా కథ మొదలయ్యేది కాదు.
చింతపిక్కే కదా టీచర్ అంటే
లెక్క అంటే ఇదేనే పిల్లా, అనేది,
ఏది లేదో తెలుసుకోవడం.

ఇప్పుడు ఆమె లేదు.
ఎవరు ఎత్తుతారు చాప?

పదిహేడో కాగితం:
గుర్తు తెలియని పురుషుడు, సుమారు నలభై అయిదు,
సికింద్రాబాద్ స్టేషన్, పదో ప్లాట్‌ఫారం వైపు.
కుడి ముంజేతి మీద పచ్చబొట్టు: లచ్చి.
తన పేరు లేదు.
తాను మరిచిపోకూడదనుకున్న పేరు ఉంది.

అయిదున్నరకి పదిహేడు అని కొట్టాను.
గడి పచ్చబడింది.

ఆదివారం అయ్యగారు ప్రార్థన చేశారు
ఎండలకు పోయిన పదిహేడు మంది ఆత్మల కోసం.
ఆమెన్ అన్నాం.
ఫ్యాన్ల కింద అందరం చల్లగానే అన్నాం.
నేను చందా కవరు మీద
పదహారు పేర్లు రాసి
పదిహేడో చోట లచ్చి భర్త అని రాసి, కొట్టేసి,
అన్న అని, కొడుకు అని రాసి, అవీ కొట్టేసి,
చివరికి లచ్చి మనిషి అని రాసి పళ్లెంలో వేశాను.
లెక్క చూసే దేవదానం అంకుల్
కవరు రెండుసార్లు దులిపాడు:
డబ్బు పెట్టడం మర్చిపోయావమ్మా.

ప్రభువా, నీకు కోపం రాకపోతే ఒక మాట.
నువ్వూ జనాభా లెక్కల వేళ పుట్టినవాడివే.
ఊరుగాని ఊళ్లో, ఏ గుమాస్తానో
అలిసిపోయిన చేత్తో
ఒక వడ్రంగి కుటుంబం కింద ఒక గీత పెంచాడేమో.
అంకెగా ఉండడం ఎలా ఉంటుందో నీకు తెలుసు.
నువ్వు కూడా మందను లెక్కపెడతావు,
కాదనను.
కానీ నీ లెక్క తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోతుంది.
నువ్వు లేచి చెప్పులు వేసుకుంటావు.

ఇవాళ ఏ ఊళ్లోనో ఒకామె
అన్నం గిన్నె మీద మూత పెట్టి
గడియ వేయకుండా పడుకొని ఉంటుంది.
ఆ గుమ్మం నాకు తెలియదు.
నా కంప్యూటర్‌లో ఆమెకు గడి లేదు.
నీ చేతుల మీదా పచ్చబొట్టు లాంటివి ఉన్నాయి కదా,
చూపిస్తే నమ్ముతుంది.

వెళ్లు.
పేరు పెట్టి పిలువు,
లచ్చీ అని,
మెల్లగా,
అతను పిలిచినట్టు.