పది సెంటీమీటర్ల గీత

కంచరపాలెం మెట్ట, జెరాక్స్ షాపు మీద గది.
మంగళవారం సాయంత్రాలు ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు,
కిటికీ చువ్వల మీద పోర్టు నుంచి వచ్చి వాలిన నల్లదుమ్ము.

వెళ్లేముందు తలో చీటీ ఇస్తాను.
దాని మీద ఒకటే గీత, పది సెంటీమీటర్లు.
ఎడమ కొసన: నా మాట ఎవరూ వినలేదు.
కుడి కొసన: విన్నారు.
నడుమ ఎక్కడైనా అడ్డంగా ఒక గాటు పెట్టమంటాను.

రాత్రి మా పిల్ల జామెట్రీ పెట్టెలోంచి స్కేలు తీసి
ఒక్కో చీటీ కొలుస్తాను.
పది. తొమ్మిదిన్నర. పది.
పెదజాలారిపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఎల్లాజీది
ఎప్పుడూ పదే, ఒక్కోసారి గీత దాటిపోతుంది కూడా.
ఆ అంకెలు చూసుకుని
బాగానే చేస్తున్నాననుకున్నాను.
ఆ నెలల్లోనే ఇద్దరు మానేశారు.
వాళ్లవీ పదులే.

నూకరత్నం చీటీలో మూడు.
ఏ కొస ఏమిటో తెలియలేదేమో అనుకుని
పైవారం కుడీ ఎడమా మళ్లీ విడమరిచాను.
రెండు పాయింట్ ఎనిమిది.

మూడోవారం ఆ చీటీ ఒళ్లో పెట్టుకుని
అందరి ముందూ అడిగాను, గొంతు కొంచెం ఎండి.
ఆవిడ కొంగు చివర మెలిపెడుతూ,
"నాను మాట ఎత్తుకుంటాను, మీరు పూర్తి సేసెస్తారు మేడంగారూ.
నాకంటే బాగానే సేస్తారు.
నాది మాత్రం నాకాడే ఉండిపోతాది.
అలగే ఇంటికి అట్టుకెలిపోతన్నాను."

నా నోటిదాకా ఒక వాక్యం వచ్చింది,
చక్కటి వాక్యం.
మింగేశాను.

కింద మిషను ఎవరివో ఆధార్ కాపీలు తీస్తోంది.
మర్రిపాలెం షెడ్డు వైపు ఒక ఇంజను కూసి ఊరుకుంది.
అప్పుడు ఎల్లాజీ,
వలతాళ్లు కోసిన అరచేతులు చూసుకుంటూ,
"నాను పది ఎట్టీది బేగి ఎలిపోవచ్చనమ్మా."
ఎవరో నవ్వారు. నూకరత్నం కూడా.
నవ్వు ఆగాక తమ్ముడి సంగతి మొదలెట్టాడు,
తెప్ప తిరగబడిన తెల్లవారుజాము,
మాటకీ మాటకీ నడుమ ఒక గూడ్సు దాటేంత సేపు.
నేను ఏ మాటా అందించలేదు.
కుర్చీ అంచు గట్టిగా పట్టుకు కూర్చున్నాను.

ఆ రాత్రి నూకరత్నం: నాలుగుంబావు.
ఎల్లాజీ: నాలుగు.
స్కేలు జరిగిందేమోనని మళ్లీ పెట్టాను.
నాలుగే, పెన్ను నొక్కిన చోట కాగితం చిరిగింది.

ఇంకో చీటీ వెనక, పేరు లేకుండా,
"పంకా సప్పుడు. ఎల్లాజీ మాట సగం ఇనబడ్నేదు."

పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేశాను.