నాలుగు వేళ్ళ ఎడం

పెట్టె వచ్చింది. తెరవకూడదు.
ఇరవై నాలుగు గంటలు ఈ గది గాలికి
అలవాటు పడాలట.
నాకెవరూ ఇవ్వలేదు అంత గడువు.
మాంచెస్టర్‌లో దిగిన గంటకే
డారెక్ నడిపే లారీలో అతని పక్క సీట్లో కూర్చుని,
వెనకున్న పెట్టెని చూసుకోడానికి కిటికీ లేక
ముందద్దం మీద వానని చూస్తూ
బోల్టన్ చేరాను.

ఒప్పందం నలభై మూడు పేజీలు.
అందులో నేనున్నది ఒక్కచోటే: ‘వెంట వచ్చు వ్యక్తి’.
గుడ్డకి మాత్రం బీమా ఉంది.
తేమ ఎంతుండాలో, వెలుగెంత పడాలో,
ఎవరి చేతులు ముట్టుకోవచ్చో
అన్నీ రాసుకున్నారు.
కొత్తల్లుడికైనా జరగవు ఇన్ని మర్యాదలు.

మర్నాడు హేజల్ ఎంట్‌విసిల్ స్క్రూలు విప్పింది.
ఒక్కోదాన్నీ అంకె వేసిన గిన్నెలో వేసింది,
తిరుగు ప్రయాణంలో
ఏ కన్నంలోది ఆ కన్నంలోకే వెళ్ళాలని.

హైదరాబాదులో మేం దాచిన సగం ఇది.
బందరు అద్దకం. ఎవరి చేతిదో తెలీదు.
కరక్కాయ పసుపు, చిరివేరు ఎరుపు.
మూతికి మాస్కు లేకపోతే
బర్రెపాల వాసన ఇంకా ఉందని
ప్రమాణం చేసేదాన్ని.

దాని పక్కన, ఇక్కడి సగం.
ఎప్పుడో ఎవరో వర్తకుడు
ఒక దుప్పటికి రెండు ధరలు రావాలని
నడిమికి కత్తెర వేశాడు.
మాది చీకటి పెట్టెలో బతికింది, ఎరుపు ఎరుపుగానే ఉంది.
ఇక్కడిది ఎవరింట్లోనో పరదాగా ఎండ కాచి కాచి
ఇటికపొడి రంగుకి వచ్చింది.
నీలం ఒక్కటే
రెండుచోట్లా మాట తప్పలేదు.

చెరో టార్చీ పట్టుకుని వంగాం.
పురుగు కొట్టిన కన్నం, ఎడమ మూల.
ఆమె మిల్లీమీటర్లు రాసింది,
నేను కందిగింజంత అనుకున్నాను.
మరక, కారణం తెలియదు.
మరక, కారణం తెలియదు.
మడత దగ్గర దారం ఒకటి లేచింది;
ఇద్దరం ఊపిరి బిగబట్టాం,
అది మళ్ళీ పడుకునేదాకా.

మా సగంలో తెగిన తీగ
ఆమె సగంలో చిగురు వెయ్యాలి కదా.
వెయ్యలేదు.
మధ్యలో నాలుగు వేళ్ళ వెడల్పు పేలిక
ఎక్కడో పోయింది.
అక్కడేముండేదని మూడు మ్యూజియంలు
పదకొండు నెలలు ఉత్తరాలు రాసుకున్నాయి.
లియాన్ వాళ్ళు పువ్వన్నారు.
మేం పిట్ట అన్నాం, పట్టుబట్టి, ముక్కు గీసి మరీ పంపాం.
బోల్టన్ అంది: ఖాళీగా వదిలేద్దాం.

టీ వేళకి హేజల్ చెప్పింది,
వాళ్ళ అమ్మమ్మ మిల్లులో చేసిందని.
ఇలాంటి తీగలే, ఇలాంటి పువ్వులే
ఈ చుట్టుపక్కల మిషన్ల మీద మైళ్ళకి మైళ్ళు అచ్చయ్యాయని.
తర్వాతేం జరిగిందో ఆమె అనలేదు.
మా అద్దకపు తొట్లు ఎలా ఎండిపోయాయో నేనూ అనలేదు.
నా కప్పులో పాలు మాత్రం
కొంచెం ఎక్కువ పోసింది.

మగ్గాల మోతలో మాట వినపడక
ఆ ఆడవాళ్ళు పెదాలతోనే మాట్లాడుకునేవారట.
అలవాటై ఇంట్లోనూ అంతే,
పిల్లలకి తెలియకూడనివన్నీ.
అద్దాల బీరువా అవతల నిలబడి చేసి చూపించింది,
నోరు పెద్దగా తిప్పుతూ, చప్పుడు లేకుండా.
ఏదో పెద్ద మాటే అనుకుని
గుండె పట్టుకుని అడిగాను, ఏమన్నావని.
‘బిస్కట్టు కావాలా అన్నాను.’

సాయంత్రం దీపాలు సరిచేశారు. యాభై లక్సులు.
మా పేటలో లో-వోల్టేజి రాత్రుల్లో ఉండే వెలుగు.
అలాంటి వెలుగులో ఎన్ని పరీక్షలకి చదివానో,
ఈ గుడ్డని చదవలేనా అనుకున్నాను.
ఎరుపూ ఇటికపొడీ ఎదురెదురుగా,
మధ్యలో గోడ.
ఎవరూ చూడకుండా ఆ ఎడానికి ఎదురుగా
గాలిలో నాలుగు వేళ్ళు నిలబెట్టి చూశాను.
సరిపోయాయి.
పిట్టైతే ఇరుకే. పువ్వే అయ్యుండొచ్చు.
మా వాళ్ళకి చెప్పను.

రేపు పొద్దున్నే నా విమానం.
ఈ గది గాలి ఇప్పుడిప్పుడే ఒంటికి పడుతోంది.
అల్మరా మీద స్క్రూల గిన్నెలు
మూతలు పెట్టి ఉన్నాయి,
పన్నెండు వారాలకి.