ఒంటి అక్షరం

బూడో రేవులో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
ఫెర్రీ టికెట్లకు రాగ్న్‌హిల్ రాసిన
ఏడు టెస్టులూ పచ్చగా ఉన్నాయి:
అంకెలు వద్దు, ఖాళీ వద్దు,
రెండక్షరాలకు తక్కువైతే అసలే వద్దు.

కౌంటర్ దగ్గర తూర్‌బోర్గ్,
చేపల వాసనేసే చేతిసంచీతో:
"మీ పెట్టె మా ఊరిని ఒప్పుకోదట."
"ఏ ఊరు?"
"ఓ."
"అదే, ఏ ఊరు?"
"ఓ! అంతే. రోడ్డు కూడా అక్కడితో సరి."

ముందు ఎనిమిదో టెస్టు రాసింది.
అది ఎర్రబడింది, తనూ కొంచెం.
తర్వాత రెండుని ఒకటి చేసింది.
ఖాళీ గడికి మాత్రం ఇప్పటికీ ప్రవేశం లేదు;
ఏమీ లేకపోవడం వేరు,
ఇంతే ఉండటం వేరు.

టికెట్ మీద ఒక్క అక్షరం,
దాని నెత్తిన చిన్న సున్నా.
తూర్‌బోర్గ్ వేలితో తడిమి చూసుకుంది,
ఊడిపోలేదు కదా అని.