పది లెక్కపెట్టండి

నల్లకుంటలో మా ఇంటి గోడ మూరెడు మందం,
అందుకే కిందొక రౌటరు, మేడమీదొకటి.
వారం నుంచి రెండింటికీ పడట్లేదు.

టోలిచౌకిలో కూర్చుని ఖలీల్ నా తెరలోకి వచ్చాడు.
నా చెయ్యి టీగ్లాసు మీద,
బాణం దానంతటది తిరుగుతోంది
కొత్తచుట్టం నేరుగా వంటింట్లోకి నడిచినట్టు.

"రెండూ అడ్రసులు పంచుతున్నాయి మేడమ్,
ఒక ఒరలో రెండు కత్తులు."
పైదాని పెత్తనం తీసేశాడు.
తీసేసి, మాట మధ్యలోనే తెరమీంచి మాయం.
కూర్చున్న కొమ్మ అదే మరి.

ఫోను మోగింది. "వచ్చిందా?"
"మీరే పోయారు."

ఇప్పుడు మేడమీద, జడపిన్ను పట్టుకుని
రీసెట్ కన్నంలో పొడుస్తున్నా.
పది దాకా లెక్కపెట్టమన్నాడు.
ఏడు దగ్గర సందులోంచి మైకు:
"పాత ఇనుము, పాత కంప్యూటర్లు కొంటాం..."

మళ్ళీ ఒకటి.