నలుగురి ఆట

ఆలపల్లి దారిల వాగు పొంగింది.
ముగ్గురూ రామని ఫోన్ జేసిండ్రు.
సిరొంచల కరెంటు సుత లేదు.

చాప మీద అట్ట పరిచిన.
ఒక్కన్నే నలుగురైన.

ఎగిరేటోడు బానయ్యది. పాచికలు ఊది ఏస్తడు,
నేనూ ఊదిన.
ఉక్కుచేతులామె మైనక్కది. కండ్లు మూసి ఏస్తది,
నేనూ మూసిన.
నిప్పు మనిషి దేవు మడావిది. వానికెప్పుడూ ఒకట్లే.
ఇయ్యాల వాడు లేకున్నా ఒకట్లే పడ్డయి.
"నీ చెయ్యి పాడుగాను" అని తిట్టబోయి
అది నా చెయ్యే గదా అని ఊకున్న.

దుష్టుని పాచిక గూడ నేనే ఎయ్యాలె.
దొంగాట ఆడొచ్చు, చూసెటోడు లేడు.
ఆరు పడ్డది.
ఆరే లెక్క వెట్టిన.
సగం పట్నం కూలింది.

నాలుగో వీరుడు నాది. వాని గుణం ఒక్కటే:
తన వంతు ఇంకొకరికి ఇయ్యొచ్చు.
దేవుకే ఇచ్చిన.

మూడు ఆర్లు!
నాలుగోది దొర్లి మంచం కిందికి వోయింది.
లేచి అరిచిన.
పక్కింటి కుసుమ్‌తాయి తలుపు తీసి
"కాయ్ ఝాలం రే?" అన్నది.
పట్నం నిలిచిందని ఏ భాషల చెప్పాలె?
"పాఊస్, తాయీ" అన్న.

మంచం కింద ఎంత పడ్డదో చూడలే.
వాగు తగ్గినంక
దేవు వంగి తీస్తడు.